ఏ హోటల్ అన్నది తర్వాత, ముందు ఎన్నింటికి వెళ్తున్నారో చెప్పండి

మా ఫ్యామిలీ గ్రూపులోకి మళ్ళీ ఆ లిస్టు వచ్చింది. "హైదరాబాద్ వెళ్తే తప్పక తినాల్సిన చోట్లు" అని. ప్యారడైజ్‌తో మొదలై కేఫ్ బహార్, షాదాబ్, నయాబ్, నిమ్రా, రామ్ కీ బండి, ఫేమస్ ఐస్‌క్రీమ్ అంటూ సాగుతుంది. ఎవరు రాశారో తెలీదు, ఎన్నేళ్ళ కిందటిదో తెలీదు. దాని కింద కాకినాడలో ఉండే మా పిన్ని కూతురు అడిగింది: "అక్కా, శనివారం వస్తున్నాం, ఇందులో ఏవి బాగుంటాయో టిక్ పెట్టి పంపవా?" లిస్టులో ఒక్క పేరూ తప్పు కాదు. అయినా టిక్ పెట్టబుద్ధి కాలేదు. పిల్లల్ని లేపి, తయారు చేసి, పొద్దున పదకొండింటికి ఆ లిస్టు పట్టుకుని బయల్దేరితే వాటిలో సగం చోట్ల వాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళిన తిండి ఉండదు. బోర్డు ఉంటుంది, బల్లలుంటాయి, ఏదో ఒకటి వడ్డిస్తారు కూడా.

ఈ ప్రశ్నకు జవాబులిచ్చీ ఇచ్చీ నాకొక అభిప్రాయం స్థిరపడింది. హైదరాబాద్‌లో ఎక్కడ తినాలో చెప్పేవాళ్ళు టైము చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే. హోటల్ పేరు ఫోన్ కూడా చెప్తుంది. ఎన్నింటికి, ఏ రోజు, ఏ నెలలో అన్నది అక్కడ తిరిగేవాళ్ళే చెప్పాలి. ఇది మరీ చాదస్తమని మా ఇంట్లోనే అంటారు. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను, నాకున్న అనుమానాలతో సహా.

హండీ దిగే వేళ

బిర్యానీతోనే మొదలుపెడదాం, ఎలాగూ అందరూ అడిగేది అదే. హండీలో, అంటే పెద్ద గిన్నెలో, మసాలాలో నానిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి, మూత చుట్టూ పిండి పెట్టి దమ్ మీద వదిలేస్తారు. మూత తీశాక వంటవాడి చేతిలో ఇంకేమీ ఉండదు. తీసిన కాసేపటికి తింటే ఒకలా ఉంటుంది, రెండు గంటలాగి తింటే ఇంకోలా ఉంటుంది. పేరున్న హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఒక విడత దిగుతుంది, చీకటి పడే వేళకు ఇంకో విడత. బాగా గిరాకీ ఉన్నచోట మధ్యలోనూ దిగుతుంటాయి. కానీ మూడున్నర, అయిదు మధ్య వెళ్ళినవాళ్ళకు దక్కేది చాలాచోట్ల మధ్యాహ్నపు హండీ అడుగే.

వీలైతే ఈసారి వడ్డించే చోటు కనబడేలా కూర్చోండి. వడ్డించే ఆయన గరిటె వాడడు. చేతిలో ఒక చిన్న ప్లేటు ఉంటుంది. దాన్ని హండీ అంచు వెంబడి నిలువుగా లోపలికి దించి, ఒక్క ఊపులో పైకి తీస్తాడు. పైన తెల్లటి మెతుకులు, వాటి కింద కుంకుమపువ్వు రంగు తగిలినవి, ఇంకా కింద మసాలా పట్టి గోధుమరంగుకు తిరిగిన అన్నం, అడుగున ముక్క. అన్ని పొరలూ ఒకే కోతలో మీ ప్లేట్లోకి వస్తాయి. ఆవిరి ఇంకా ఉంటుంది కాబట్టి మెతుకు మెతుకుకీ అంటుకోదు. అదే హండీ సగానికి దిగాక పొరల లెక్క పోతుంది. పైఅన్నం ఒకచోట మిగిలిపోతుంది, మసాలా ఒకచోట మిగిలిపోతుంది, రెంటినీ కలిపి ఇస్తారు. అది కూడా బిర్యానీయే, అదే వంటవాడు వండిందే. కానీ దాన్ని తిని "అంత పేరెందుకొచ్చిందో" అని రివ్యూ రాసినవాళ్ళనీ తప్పుపట్టలేం, "నా జన్మలో ఇలాంటిది తినలేదు" అని రాసినవాళ్ళనీ తప్పుపట్టలేం. ఇద్దరూ ఒకే హోటల్‌కి వెళ్ళారు, ఒకే వేళకు వెళ్ళలేదు. అయిదు చుక్కలూ రెండు చుక్కలూ కలిపి సగటు తీస్తే వచ్చే నంబరు ఏ పూట తిండి గురించీ చెప్పదు.

దీనికి నా దగ్గరున్న సాక్ష్యం ఒక సర్వర్. మా అత్తగారి తరపు చుట్టాలు పెళ్ళి షాపింగుకు వచ్చి, పత్తర్‌గట్టీలో తిరిగి తిరిగి నాలుగు గంటల వేళ ఒక పాత హోటల్లో కూలబడ్డారు. నేనూ ఉన్నాను. నలుగురికి మటన్ బిర్యానీ చెప్పాం. సర్వర్ పెద్దాయన, మెడలో తువ్వాలు. రాసుకోబోయి ఆగి, పెద్దావిడ వైపు చూసి మెల్లగా అన్నాడు: "అభీ నక్కో లేవో అమ్మా, సాడే ఛే కు తాజా హండీ ఉతర్తీ." ఇప్పుడొద్దు, ఆరున్నరకు కొత్తది దిగుతుంది అని. ఆయనకు మా దగ్గర బేరం పోయినట్టే కదా. రోటీ, దాల్ ఫ్రై తీసుకోమని తనే చెప్పాడు, అవి వేడివేడిగా వచ్చాయి. మా చుట్టాలావిడ మాత్రం "ఇంత దూరం వచ్చి పప్పు తిన్నామా" అని ఇప్పటికీ దెప్పుతుంది. నా లెక్కలో ఈ ఊళ్ళో తిండి గురించి నాకెవరైనా ఇచ్చిన సలహాల్లో అంతకంటే నిజాయితీ అయినది లేదు.

టిఫిన్ల సంగతీ ఇంతే. కాకపోతే దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఎందుకంటే టిఫిన్ పొద్దున్నే తినాలని అందరికీ తెలుసు. తెలిసి కూడా ఆదివారం పదిన్నరకు వెళ్ళి, క్యూలో నిలబడి, నీళ్ళపాలైన కొబ్బరిచట్నీ చూసి ఈసురోమంటారు. ఆ చట్నీ ఏడింటికి అలా లేదు.

తెల్లవారుజాము ఎవరిది?

లిస్టుల్లో అన్నిటికంటే అన్యాయం జరిగేది నిహారీకి. రాత్రంతా సన్న సెగ మీద ఉడికే మాంసం పులుసు అది, తెల్లవారే వేళకు తినడం కోసమే వండేది. చార్మినార్, నయాపూల్ చుట్టుపక్కల షాదాబ్, నయాబ్ లాంటి చోట్ల వెలుతురు రాకముందే బల్లలు నిండుతాయి. నిహారీ, పాయా (కాళ్ళ పులుసు), పక్కన కుల్చా రొట్టో నాలుగు మూలల నానో. తొమ్మిది దాటాక వెళ్తే హోటల్ తెరిచే ఉంటుంది, కానీ మీరు లిస్టులో చదివింది అయిపోయి ఉంటుంది. మొజంజాహీ మార్కెట్ దగ్గర దోసెలు వేసే రామ్ కీ బండి సంగతి ఇంకా విచిత్రం. తెల్లవారుజామున మూడింటికి వెన్న కరుగుతున్న పెనం చుట్టూ జనం. సినిమా ఆఖరి ఆట చూసినవాళ్ళు, నైట్ షిఫ్ట్ దిగినవాళ్ళు, ఇంకా ఇంటికి పోని కుర్రాళ్ళు, అప్పుడే నిద్రలేచినవాళ్ళు అంతా ఒకే పెనం దగ్గర. అదే పేరుతో ఇప్పుడు ఊళ్ళో వేరేచోట్ల షాపులున్నాయి, కూర్చుని తినొచ్చు. దోసె అదే కావచ్చు. ఆ దోసెకు అంత పేరు తెచ్చిన ఆకలి మాత్రం సాయంత్రం ఏడింటికి రాదు.

ఇక్కడే నా వాదనకు మొదటి దెబ్బ తగులుతుంది. ఆ దెబ్బ కొట్టింది మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి. నేను ఇవన్నీ ఉత్సాహంగా చెప్తుంటే విని, "మేడమ్, మీరు చెప్పిన టైములన్నీ మగవాళ్ళ టైములే" అంది. హాస్టల్ గేటు రాత్రి పదింటికి వేస్తారు. పొద్దున మెట్రో మొదటి రైలు ఆరింటికి. ఒంటరిగా క్యాబ్ పట్టుకుని మూడింటికి మొజంజాహీ మార్కెట్ దగ్గర దిగి దోసె తినమని తనకెలా చెప్తాను? పోనీ నేనైనా ఎప్పుడు వెళ్ళాను? కజిన్లంతా కలిసి రెండు కార్లలో వెళ్ళినప్పుడే కదా. నిహారీ రుచి నాకు తెలిసింది కూడా హోటల్లో కాదు. మా నాన్న స్కూటర్ మీద స్టీలు క్యారేజీ తీసుకెళ్ళి తెచ్చేవారు. మూత తీయగానే పైన తేలే ఎర్రటి నూనె, లోపల ఎముక చుట్టూ కరిగిపోయిన మాంసం, న్యూస్‌పేపర్లో చుట్టిన కుల్చాలు. నాన్నకు ఆ వేళ అందుబాటులో ఉంది కాబట్టి మాకు ఆ రుచి అందింది. అమ్మ ఆ హోటల్ మెట్టు ఎక్కలేదు, ఇప్పటిదాకా.

కాబట్టి "టైముకి వెళ్ళండి" అని సులువుగా అనడంలో ఒక పొగరుంది, ఒప్పుకుంటాను. ఎవరి టైము ఎవరి చేతిలో ఉందన్నది చూడకుండా సలహా చెప్పేవాళ్ళు సగం ఊరిని వదిలేసినట్టే. కానీ దీనికి విరుగుడు టైము ప్రస్తావన మానేయడం మాత్రం కాదు. ఆ అమ్మాయికి నేను చెప్పింది వేరు: ఆదివారం ఆరున్నర మెట్రోకి ఇద్దరు ముగ్గురు కలిసి రండి, ఏడున్నరలోపు పాతబస్తీలో ఉంటారు. చార్మినార్ చుట్టూ అప్పటికింకా బేరాలు మొదలుకావు, నడవడానికి చోటుంటుంది. నిమ్రాలో చాయ్, అప్పుడే ట్రేల్లోంచి తీసిన ఉస్మానియా బిస్కెట్లు. నిహారీ మిగిలి ఉంటే అదృష్టం, లేకపోతే లేదు. మధ్యాహ్నం అదే చోట నిలబడి చాయ్ తాగితే మోచేతులు తగులుతూనే ఉంటాయి. వాళ్ళు వెళ్ళొచ్చారు. నిహారీ దొరకలేదు. బిస్కెట్లు నాక్కూడా తెచ్చారు.

క్యాలెండర్ చూడకుండా చెప్పకూడదు

గంటల సంగతి ఇలా ఉంటే నెలల సంగతి ఇంకోటి. హలీం ఎక్కడ బాగుంటుందని ఏడాది పొడుగునా అడుగుతారు. 2010లో దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చాక పేరు దేశమంతా పాకింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో పెడుతున్నారు, కొన్ని హోటళ్ళలో మామూలు రోజుల్లోనూ దొరుకుతోంది. దొరుకుతోంది కాబట్టి తినొచ్చు, ఎవరూ కాదనరు. కానీ రంజాన్ నెలలో రోడ్డు పక్కన ఇటుకలూ మట్టీ పెట్టి కట్టిన భట్టీ మీద, పొద్దుటినుంచి కట్టెల మంట మీద ఉడికి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి పొడుగాటి కర్రలతో మెదిపి మెదిపి, సాయంత్రం నుంచి చకచకా అమ్ముడయ్యే హలీం వేరు. ఆ రద్దీయే దాని రుచిలో సగం పని చేస్తుంది. వండిన పెద్ద గిన్నె ఖాళీ కావడానికి గంట పట్టదు కాబట్టి ఎవరి గిన్నెలోకి వచ్చినా వేడిదే వస్తుంది.

అక్కడ కూడా టైము చెప్పాలి, ఇది రుచికి సంబంధించింది కాదు. ఉపవాసం విడిచే వేళకు సరిగ్గా కౌంటర్ ముందు గుంపులో మనం ఉండకూడదని నా అభిప్రాయం. పొద్దుటినుంచీ మంచినీళ్ళు కూడా ముట్టనివాళ్ళు ఆ పది నిమిషాల కోసం చూస్తుంటారు. వడ్డించే కుర్రాళ్ళూ రోజాలోనే, అంటే ఉపవాసంలోనే ఉంటారు. మధ్యాహ్నం బాగా తినొచ్చిన మనం "భయ్యా, ఎక్స్‌ట్రా నెయ్యి వెయ్" అని తొందరపెట్టడం బాగుండదు. పార్సిల్ కావాలంటే ముందే వెళ్ళి తెచ్చుకోండి, కూర్చుని తినాలంటే ఎనిమిది దాటాక వెళ్ళండి. మార్చిలో హలీం సీజన్ అని రాసిపెట్టిన పాత లిస్టుల్ని మాత్రం నమ్మకండి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, లిస్టు జరగదు.

మొజంజాహీ మార్కెట్లో ఫేమస్ ఐస్‌క్రీమ్ గురించి చెప్పమంటే నేను అడిగేది "ఏ నెలలో వస్తున్నారు" అనే. వర్షాలు వెనకబట్టాక, సీతాఫలాలు మార్కెట్లోకి దిగినప్పుడు వస్తే సీతాఫలం ఐస్‌క్రీమ్. ఎండాకాలంలో అయితే మామిడిపండుది. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి పదిహేను దాకా అయితే నాంపల్లి ఎగ్జిబిషన్ నుమాయిష్‌కి సాయంత్రం వెళ్ళి, తిరిగి తిరిగి కాళ్ళు లాగాక మిర్చి బజ్జీ తినమంటాను. మృగశిర కార్తె రోజున బయట తినకండి అంటాను. ఆ రోజు ముషీరాబాద్, రాంనగర్ చేపల మార్కెట్లలో జనం ఎలా ఉంటారో ఒకసారి చూసి, తెలిసినవాళ్ళింట్లో భోజనానికి పిలిపించుకోవడం మేలు. ఊరంతా ఇళ్ళల్లో చేపల పులుసు ఉడుకుతుంటే హోటల్లో ఏముంటుంది?

అన్నిటికంటే నవ్వొచ్చేది 2025 దసరా. తెలంగాణలో దసరా అంటే మాంసం, ఇక చెప్పేదేముంది. ఆ ఏడు దసరా సరిగ్గా అక్టోబరు 2న పడింది, గాంధీ జయంతి రోజున మాంసం దుకాణాలు మూసేయాలి. బెంగళూరు నుంచి పండక్కి వచ్చిన మా తమ్ముడి స్నేహితుడొకడు "దసరా రోజు మంచి మటన్ ఎక్కడ తినాలి" అని ఫోన్ చేశాడు. నిన్ననే తినాల్సింది నాయనా అన్నాను. అందరిళ్ళల్లోనూ ముందురోజే ఫ్రిజ్‌లు నిండిపోయాయి.

ఎప్పుడెళ్ళినా ఒకేలా ఉండే చోటు

నా వాదన మీద నాకున్న పెద్ద అనుమానం ఇది. మా ఆయన అనే మాట: "వేళాపాళా చూసుకుని వెళ్తేనే బాగుండే హోటల్ మంచి హోటల్ ఎలా అవుతుంది? ఎప్పుడెళ్ళినా ఒకేలా పెట్టేవాడే కదా గొప్ప."

తీసిపారేయదగ్గ మాట కాదు. 1953లో సికింద్రాబాద్‌లో ఒక సినిమా హాలును ఆనుకుని చిన్న కేఫ్‌గా మొదలైన ప్యారడైజ్, ఆ చౌరస్తాకే పేరుగా మిగిలిపోయేంత పెద్దదైందంటే, దాని వెనక ఈ భరోసా ఉంది. అక్కడికంటే మంచి బిర్యానీ చోట్లున్నాయని ఊళ్ళో ప్రతివాడూ అంటాడు. ఆ మాట అనడం హైదరాబాద్ వాళ్ళకో అలవాటు. కానీ రైలు దిగిన ఏడుగురు, అందులో మోకాళ్ళ నొప్పులున్న ఒక పెద్దాయన, షుగర్ మాత్ర వేసుకుని వేళకు తినాల్సిన ఒక పెద్దావిడ, నిద్రమొహంతో ఇద్దరు పిల్లలు ఉంటే, వాళ్ళకు లిఫ్టు కావాలి, శుభ్రమైన బాత్రూము కావాలి, ఆలస్యం కాకుండా తిండి కావాలి. వాళ్ళను పాతబస్తీ సందులోకి పంపేవాడు రుచి తెలిసినవాడేమో గానీ బుద్ధి ఉన్నవాడు కాదు. శాకాహారుల విషయమూ అంతే. ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్లాంటి చోట మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్తే ఎవరికీ నష్టం లేదు. నేనూ చాలాసార్లు అలాంటి చోట్లే చెప్తాను.

అయినా మా ఆయన మాటలో ఒక మెలిక ఉంది. ఎప్పుడెళ్ళినా ఒకేలా ఉండాలంటే వంటను ఆ లెక్కన మార్చుకోవాలి. మధ్యాహ్నం నాలుగింటికీ, రాత్రి పదకొండింటికీ, ఒకే రుచి ఇవ్వాలంటే అన్నం పొడిగా ఆగాలి, మసాలా ఆగాలి, ముక్క ఆగాలి. ఆగే తిండికి ఒక స్థాయి ఉంటుంది. అది ఎప్పుడూ కిందికి పోదు, పైకీ పోదు. ఇరానీ చాయ్‌నే చూడండి. డికాక్షన్ వేరు, చిక్కబడ్డ పాలు వేరు. కప్పులో ముందు ఒకటి, దాని మీద రెండోది. డికాక్షన్ కొత్తగా దిగినప్పుడు ఉండే రుచి, గంటల తరబడి మరిగాక వచ్చే చేదు, రెండూ రోజూ తాగేవాళ్ళకు తెలుసు. ఎప్పుడైనా ఒకేలా ఉండే చాయ్ కావాలంటే మిషన్ ఉంది, బటన్ నొక్కితే వస్తుంది.

యాప్‌ల గోల కూడా ఇక్కడే వస్తుంది. ఫోన్లో ఏ హోటలైనా ఏ వేళైనా తెరిచే ఉన్నట్టు కనిపిస్తుంది, బొమ్మలో బిర్యానీ మీద ఆవిరి కూడా ఉంటుంది. డబ్బాలో పెట్టి మూతేశాక ఆ ఆవిరి ఎక్కడికీ పోలేక నీరై మళ్ళీ అన్నం మీదే పడుతుంది. నలభై నిమిషాల తర్వాత మనం విప్పేది దాన్ని. పైగా వేళ అనేది రుచితోనే ఆగదు. 2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది, బంజారాహిల్స్‌లో మోమోలు తిని ఒకామె చనిపోయి, ఇంకెంతోమంది ఆసుపత్రి పాలయ్యాక. మయొనైజ్ ఎప్పుడు కలిపారు, ఎంతసేపు బయట ఉంది అని అడిగే అలవాటు మనకెవరికీ లేదు. పొయ్యి మీదినుంచి నేరుగా ప్లేట్లోకి వచ్చేదాన్ని ఎంచుకోండి అని నేను అనేది కాస్త ఇందుకు కూడా.

కాబట్టి మా ఆయనకు నేనిచ్చే జవాబు ఇది. భరోసా కావాల్సినవాళ్ళకు భరోసా ఉన్న చోటే చెప్పాలి. కానీ దాన్ని "తప్పక తినాల్సినది" అనకూడదు. ఆకలి తీరడానికి ఒక చోటు, గుర్తుండిపోవడానికి ఇంకో చోటు. రెండోదానికి ఎప్పుడూ ఒక వేళ ఉంటుంది. ఆయన ఒప్పుకోలేదు, ఒప్పుకోడు కూడా.

పేరు చెప్తే ఏమవుతుంది

2019లో యునెస్కో హైదరాబాద్‌ను తిండికి పేరున్న సృజనాత్మక నగరాల్లో చేర్చింది. మంచిదే. ఆ తర్వాత రీల్స్ వచ్చాయి. అంతకుముందు ఒక బండి పేరు ఊళ్ళో పాకడానికి ఏళ్ళు పట్టేది, ఇప్పుడు వారం చాలు.

కుమారి ఆంటీ కథ అందరికీ తెలిసిందే కాబట్టి మళ్ళీ చెప్పను. మాదాపూర్‌లో ఐటీ ఆఫీసుల మధ్య రోడ్డు పక్కన మధ్యాహ్నం భోజనం పెట్టుకునే ఆవిడ. "లివర్లు ఎక్స్‌ట్రా" వీడియో తిరిగాక జనం, జనంతో ట్రాఫిక్, ట్రాఫిక్‌తో పోలీసులు, 2024 జనవరి చివరికి ముఖ్యమంత్రి కలగజేసుకుని అక్కడే ఉండనివ్వమని చెప్పేదాకా వెళ్ళింది. ఆ గొడవలో నాకు అందరూ వదిలేసినట్టనిపించేది ఒకటుంది. ఆ బండి బతికింది భోజనం బ్రేక్ మీద. గంట టైము, లంచ్ బాక్స్ తెచ్చుకోని ఉద్యోగులు, సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు. ఆ గంట వాళ్ళది. ఊరి నలుమూలల నుంచి కెమెరాలతో వచ్చినవాళ్ళకు మూడైనా ఒకటే, నాలుగైనా ఒకటే, కానీ వాళ్ళు కూడా సరిగ్గా ఒంటిగంటకే వచ్చారు. ఆవిడకు బేరం పెరిగింది, సంతోషమే. ఆ డ్రైవర్లు ఎక్కడ తిన్నారో ఏ రీల్‌లోనూ రాలేదు.

నా స్నేహితురాలొకామె తిండి వీడియోలు చేస్తుంది. ఈ మాట అంటే గయ్యిమంది. "నీలాంటివాళ్ళు గుట్టుగా తిని మూతి తుడుచుకోవడం వల్లే లాక్‌డౌన్‌లో ఎన్నో చిన్న బండ్లు మళ్ళీ లేవలేదు. వాళ్ళ నంబరు ఎవరి దగ్గరా లేదు, పేరు ఎవరికీ తెలీదు. పేరు దాచిపెట్టుకోవడం వాళ్ళకు సాయమా, నీ సీటు కాపాడుకోవడమా?" అని అడిగింది. దానికి నేను గట్టిగా ఏమీ చెప్పలేకపోయాను. నా సీటు కూడా కొంత కారణమే. మా సందు చివర ఇడ్లీ బండి ఆయన ఆ రోజుల్లో కూరగాయలమ్మాడు, ఆ తర్వాత మళ్ళీ బండి పెట్టాడు. ఈమె వీడియో తీసి ఉంటే కూరగాయలు అమ్మాల్సిన పని పడేది కాదేమో. లేదా ఇప్పటికి ఆయన స్టీలు కౌంటర్లతో షాపు పెట్టి, ఇడ్లీలు పన్నెండింటిదాకా హాట్‌బాక్సులో ఆపుతూ ఉండేవాడేమో. రెండూ జరగొచ్చు. ఆయన్ని అడిగితే రెండోదే కావాలంటాడని నాకు తెలుసు, అది నాకు నచ్చకపోయినా.

చివరికి ఆమెతో ఒక రాజీకి వచ్చాను. వీడియోలో బండి పేరుతోపాటు ఎప్పుడు పెడతాడు, ఎప్పుడు అయిపోతుంది, ఏ వేళకు రోజువారీ వాళ్ళుంటారు అన్నవి కూడా చెప్పమన్నాను. మొన్న ఒకదాంట్లో చెప్పింది కూడా. కింద కామెంట్లలో మొదటి ప్రశ్న "సండే మధ్యాహ్నం ఉంటుందా?" అని.

నా వరకు ఆ ఇడ్లీ బండి ఉన్న సందు పేరు ఇక్కడ రాయను. పనిరోజుల్లో ఏడులోపు వచ్చేవాళ్ళు మెసేజ్ పెట్టండి, చెప్తాను. గిన్నె తెచ్చుకోండి, ఆయన దగ్గర పార్సిల్ కవర్లు ఉండవు.